రేషన్‌లో సన్నబియ్యం వస్తోంది, బియ్యం మీద మిగిలిన డబ్బు దేని మీద పెట్టాలి?

2025 ఉగాది రోజు, మార్చి 30న, మన తెలంగాణలో రేషన్ కార్డులకు సన్నబియ్యం పంపిణీ హుజూర్‌నగర్‌లో మొదలైంది. ఏప్రిల్ 1 నుంచి రేషన్ షాపుల్లో మనిషికి 6 కిలోల చొప్పున ఉచితంగా ఇస్తున్నారు. అంతకుముందు వచ్చే దొడ్డు బియ్యం మా ఇంట్లో ఎక్కువగా ఇడ్లీ, దోసె పిండికే పోయేది. అన్నానికి మిర్యాలగూడ మిల్లుల బియ్యం 26 కిలోల బస్తా, దాదాపు 1,400 రూపాయలు పెట్టి నెలనెలా కొనేవాళ్లం. ఇప్పుడు మా ఐదుగురికి 30 కిలోలు వస్తున్నాయి. బస్తా కొనడం మానేశాం.

మరి ఆ 1,400 ఏమైంది? మొదటి రెండు నెలలు నేను పట్టించుకోలేదు. మూడో నెల కిరాణా చీటీలు ముందేసుకుని చూస్తే బిస్కెట్లు, చిప్స్, కూల్ డ్రింకులు, పిల్లలు పాలలో కలుపుకునే పొడి డబ్బా, అత్తమ్మకు షుగర్ ఉందని తెచ్చిన ఒక ‘మల్టీగ్రెయిన్’ పిండి ప్యాకెట్ కనిపించాయి. బియ్యం మిగిల్చిన డబ్బంతా వాటికే పోయింది. మా పాపకు స్కూల్లో రక్తం పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ తక్కువ ఉందన్నారు. అప్పుడు నాకు చాలా బాధేసింది. ఇంట్లోకి డబ్బు మిగిలింది కానీ ఆ పిల్ల ఒంటికి ఏమీ పట్టలేదు. అప్పటి నుంచి ఏది కొంటే ఎంత ఫలితమో లెక్కేసుకుని కొంటున్నాను. మీ ఇంట్లో కూడా బియ్యం ఖర్చు తగ్గి ఉంటే ఈ లెక్క పనికొస్తుందని రాస్తున్నాను.

నా పుట్టిల్లు కల్వకుర్తి వైపు, మెట్టినిల్లు నల్గొండ. అక్కడ జొన్నరొట్టె, ఇక్కడ వరన్నం. రెండు వంటిళ్లూ తెలిసినదాన్ని కాబట్టి పోల్చడం నాకు కొంచెం సులువైంది. కింద రాసిన ధరలు నేను కొన్నప్పటివి. మీ ఊళ్లో ఐదు పది రూపాయలు అటూ ఇటూ ఉంటాయి. ధర మారితే అంకె మార్చుకుని అదే లెక్క వేసుకోండి.

ముందు గింజల సంగతి

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం, రోజుకు 2,000 కేలరీలు అవసరమయ్యే మనిషికి గింజధాన్యాలు సుమారు 250 గ్రాములు చాలు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పప్పులు (గుడ్డు, మాంసం తింటే అందులో కొంత భాగంగా) 85 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, పండు 100 గ్రాములు ఉండాలి.

రేషన్‌లో వచ్చే 6 కిలోలను 30 రోజులకు పంచితే రోజుకు 200 గ్రాములు. అంటే మనిషికి కావాల్సిన గింజల్లో ఐదింట నాలుగు వంతులు ఉచితంగానే ఇంటికి వచ్చేశాయి. మిగిలింది రోజుకు 50 గ్రాములు, నెలకు కిలోన్నర. పొలం పని, తాపీ పని, హమాలీ పని చేసేవాళ్లకు ఇంకా ఎక్కువ కావాలి, వాళ్లు ఈ లెక్కతో అన్నం తగ్గించుకోవద్దు. కుర్చీలో కూర్చుని చేసే పనివాళ్లకు మాత్రం ఇంకో బస్తా బియ్యం అవసరం లేదు.

మరి ఆ కిలోన్నరకు ఏం కొనాలి? నేను మూడింటిని పోల్చాను: ఇంకొంచెం బియ్యం, జొన్నలు, షాపుల్లో దొరికే చిరుధాన్యాల ప్యాకెట్లు.

బియ్యం 100 గ్రాములలో ప్రోటీన్ సుమారు 8 గ్రాములు, పీచు 3 గ్రాములలోపే. జొన్నల్లో ప్రోటీన్ 10, పీచు కూడా దాదాపు 10 గ్రాములు. సజ్జల్లో ప్రోటీన్ 11, పీచు 11 చిల్లర, ఇనుము కూడా 6 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. కొర్రలు, అండుకొర్రలు మంచివే, కానీ ప్యాకెట్లలో వాటి ధర జొన్నలకు రెండింతలు, మూడింతలు ఉంటుంది. మహబూబ్‌నగర్ వైపు మన తాతలు తిన్నది జొన్నలు. అవి ఇప్పటికీ ఏ అంగడిలోనైనా దొరుకుతాయి. నా ఓటు జొన్నలకే. చలికాలంలో నెలకు ఒక కిలో సజ్జలు కలుపుకుంటాను.

జొన్నలు కొనేటప్పుడు పిండి ప్యాకెట్ వద్దు. గింజలు తెచ్చి, ఏరి, రెండు కిలోల చొప్పున గిర్నీలో పట్టించుకోండి. జొన్నపిండి పాతబడితే చేదెక్కుతుంది, రొట్టె చేస్తుంటే అంచులు పగులుతాయి. చాలామంది ‘మాకు జొన్నరొట్టె రాదు’ అనుకోవడానికి సగం కారణం పాత పిండి. వేడి నీళ్లతో కలిపి, పిండిని బాగా మర్దన చేస్తే కొత్తవాళ్లకైనా నాలుగైదు రోజుల్లో చెయ్యి తిరుగుతుంది. అస్సలు తీరిక లేకపోతే జొన్నరవ్వతో గటక వండుకోవచ్చు, ఎండాకాలం అంబలి కాచుకుని సల్ల కలుపుకుని తాగొచ్చు.

అత్తమ్మ ఇప్పుడు రాత్రి రెండు చిన్న రొట్టెలు, ఆకుకూర పప్పు తింటుంది. “రొట్టె తిన్న కడుపు తెల్లారేదాకా ఆగుతది బిడ్డా” అంటుంది. కానీ ఒక మాట చెప్పాలి. జొన్నరొట్టె అయితే షుగర్ పెరగదు అనుకుని నాలుగైదు తినేవాళ్లున్నారు. జొన్నలోనూ ఉన్నది పిండి పదార్థమే. పీచు ఎక్కువ కాబట్టి మెల్లగా అరుగుతుంది, అంతే. లెక్క తప్పితే షుగర్ పెరుగుతుంది. మందుల సంగతి డాక్టర్‌ను అడిగే మార్చుకోవాలి.

ఆ మల్టీగ్రెయిన్ పిండి గురించి కూడా చెప్తాను. ప్యాకెట్ ముందు పది రకాల గింజల బొమ్మలున్నాయి. వెనక పదార్థాల వరుస చదివితే మొదటిది గోధుమ, మిగతావన్నీ కలిపి పదో వంతు కూడా లేవు. ప్యాకెట్ మీద పదార్థాలను ఎక్కువ బరువున్న దాని నుంచి తక్కువ దానికి వరుసగా రాయాలని నిబంధన ఉంది. ఏ ప్యాకెట్ కొన్నా మొదటి మూడు పేర్లు చదవండి, చాలు. డబ్బులిచ్చేది వాటికే.

సన్నబియ్యం మీద ఒక ఫిర్యాదు తరచుగా వింటున్నాను, అన్నం మెత్తబడుతోందని. కొత్త వడ్ల బియ్యం అయితే అలాగే అవుతుంది. నీళ్లు కొంచెం తగ్గించి పోసి చూడండి. ఐదారుసార్లు గట్టిగా కడగడం, గంజి వార్చి పారబోయడం వల్ల ఉన్న కాస్త బి విటమిన్లూ పోతాయి. రెండుసార్లు కడిగితే సరిపోతుంది.

పది గ్రాముల ప్రోటీన్ ఎంతకు వస్తుంది?

అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. పెద్ద మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు. 55 కిలోల మనిషికి అది దాదాపు 46 గ్రాములు. రోజూ 200 గ్రాముల బియ్యం, 50 గ్రాముల జొన్నల నుంచి 21 గ్రాములు వస్తాయి. మిగతా 25 గ్రాములు పప్పు, గుడ్డు, పల్లీలు, పాలు, మాంసం నుంచి రావాలి. చాలా ఇళ్లలో లోటు పడేది ఇక్కడే. కూర నీళ్లలా ఉంటుంది, పచ్చిపులుసు, తొక్కుతో అన్నం ఎక్కువ తినేస్తాం. కడుపు నిండుతుంది కానీ బలం రాదు.

నేను ఒక్కో పదార్థానికి ‘10 గ్రాముల ప్రోటీన్ ఎన్ని రూపాయలకు వస్తుంది’ అని లెక్కేశాను. చాలా తేడా కనిపించింది.

అన్నిటికంటే చవక మీల్ మేకర్. 100 గ్రాములలో సగానికి పైగా ప్రోటీనే. కిలో 140 అనుకుంటే 10 గ్రాములు మూడు రూపాయలలోపే పడతాయి. తర్వాత ఉలవలు. కిలో 80కి దొరికితే నాలుగు రూపాయలు. శనగలు కిలో 90 అయితే ఐదు రూపాయలలోపు. పల్లీలు కిలో 140 లెక్కన, కందిపప్పు కిలో 130 లెక్కన రెండూ ఆరు రూపాయల దగ్గరే ఆగాయి. గుడ్డు ట్రే 190 రూపాయలకు వస్తే పది రూపాయలు. ఎముకలు పోగా చికెన్ పదిహేడు దాకా. పాలు లీటరు 60 అయితే పద్దెనిమిది. మటన్ అయితే అరవై దాటుతుంది. పిల్లలు పాలలో కలుపుకునే పొడి అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది. మా ఇంట్లో ఉన్న డబ్బా వెనక చూస్తే 100 గ్రాములకు 7 గ్రాముల ప్రోటీన్. కిలో 400 అనుకున్నా 10 గ్రాములకు 57 రూపాయలు. అంటే మటన్ ధరకు చక్కెర కలిపిన పిండి కొంటున్నాం. ఆ డబ్బా మా ఇంట్లోకి మళ్లీ రాలేదు. ఇప్పుడు పిల్లలకు పల్లీ, నువ్వులు, బెల్లం కలిపిన ముద్ద ఒక్కోటి ఇస్తున్నాను.

చవక అని మీల్ మేకర్ ఒక్కటే వండలేం కదా. పిల్లలు వారానికి ఒకసారి కంటే తినరు. అందుకే ఎవరికి ఏది సరిపోతుందో చెప్తాను.

రోజూ పొయ్యి మీద ఉండాల్సింది పప్పే. బియ్యం, జొన్నల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌లో ఒక భాగం) తక్కువ, పప్పుల్లో అది ఎక్కువ. పప్పుల్లో తక్కువయ్యే మెథియోనిన్ గింజల్లో దొరుకుతుంది. అన్నం, పప్పు కలిపి తినే మన అలవాటు ఒకదాని లోటు ఒకటి తీరుస్తుంది. కందిపప్పులో తాండూరు రకానికి మంచి పేరుంది, 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తొందరగా ఉడుకుతుంది, రుచి బాగుంటుంది. గ్యాస్ కూడా కలిసొస్తుంది కాబట్టి పది రూపాయలు ఎక్కువైనా కొనొచ్చు. కానీ ప్రోటీన్ కోసమే అయితే మామూలు కందిపప్పుకూ దానికీ పెద్ద తేడా లేదు. అద్దంలా మెరిసే పాలిష్ పప్పు మాత్రం వద్దు.

కందిపప్పు ధర పెరిగినప్పుడు ఇంట్లో పప్పే తగ్గించేస్తాం. అది తప్పు. పెసరపప్పు, శనగపప్పు, అల్సందలు, అనుములు ఉండనే ఉన్నాయి. శనగలు, అల్సందలు రాత్రి నానబెట్టి పొద్దున గుడాలు చేస్తే టిఫిన్ అయిపోతుంది. ఇడ్లీ, దోసెల కంటే గుడాలు ఎక్కువసేపు ఆకలి ఆపుతాయి. మా బాబు మొదట్లో ముఖం తిప్పుకునేవాడు. ఉల్లిగడ్డ, నిమ్మకాయ, కొంచెం కారం కలిపి ఇస్తే ఇప్పుడు తనే అడుగుతున్నాడు.

గుడ్డు పప్పు కంటే ఖరీదే. అయినా పిల్లలకు, గర్భిణులకు నేను గుడ్డు వైపే మొగ్గుతాను. అందులో విటమిన్ బి12 ఉంటుంది, అది పప్పుల్లో దొరకదు. రోజూ ఒకటి రెండు కొనే బదులు ట్రే తెచ్చుకుంటే ఒక్కో గుడ్డుకు అర రూపాయి నుంచి రూపాయి మిగులుతుంది. నాటుకోడి గుడ్డు రెండింతల ధర. రుచి తేడా ఉండొచ్చు, పోషకాల్లో అంత తేడా ఉండదు. రెండు ఫారం గుడ్లు ఒక నాటు గుడ్డు కంటే ఎప్పుడూ మేలు. ఇంట్లో చిన్నపిల్లలో గర్భిణులో ఉంటే, కొనే ముందు అంగన్‌వాడీలో పేరు రాయించండి. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, గుడ్లు ఇస్తారు. గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి కింద భోజనం, గుడ్డు, పాలు ఉంటాయి. కొందరు ‘అది పేదవాళ్లకు’ అని మొహమాటపడి తెచ్చుకోరు. అది మీ బిడ్డ హక్కు, తెచ్చుకోండి.

చికెనా, చేపలా అంటే ధర దాదాపు సమానం. సాగర్, జూరాల దగ్గర ఉన్నవాళ్లకు రవ్వ, బొచ్చె తాజాగా దొరుకుతాయి కాబట్టి చేపలే మంచివి. ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలు దొరికితే ఇంకా మంచిది, కాల్షియం వస్తుంది. ఎండుచేపల్లో ప్రోటీన్ చాలా ఉంటుంది కానీ ఉప్పు కూడా అంతే. బీపీ ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. మటన్ పండగకే. ప్రతి ఆదివారం అరకిలో మటన్ తెచ్చి మిగతా ఆరు రోజులు చారుతో గడిపే ఇళ్లు నాకు తెలుసు. ఆ అరకిలో డబ్బుతో రెండు ట్రేల గుడ్లు, ఇంకా పావు కిలో చికెన్ కూడా వస్తాయి.

పల్లీలకు మన ప్రాంతంలో ఒక సౌకర్యం ఉంది. అచ్చంపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు యాసంగి పల్లి పండుతుంది, జడ్చర్ల బాదేపల్లి మార్కెట్‌కు వస్తుంది. పంట వచ్చే రోజుల్లో తెలిసిన రైతు దగ్గర తొక్కతో కొని ఆరబెట్టి ఉంచుకుంటే నెలల తరబడి ఆగుతాయి, కిరాణా ధర కంటే తక్కువకు పడతాయి. ఒలిచిన పల్లీలు కొంటే ముడతలు పడినవి, నల్లబడినవి, బూజు వాసన ఉన్నవి ఏరి పారేయండి. పొడికి పనికొస్తాయిలే అనుకోవద్దు. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు.

ఆకుకూర, కాల్షియం, నల్గొండ నీళ్లు

కూరగాయల్లో చవకగా ఎక్కువ పోషకాలిచ్చేది ఆకుకూర. తోటకూర, పుంటికూర, చుక్కకూర, మెంతికూర, బచ్చలి, కోయగూర, ఏదైనా సరే ఆ రోజు తక్కువకు దొరికింది తెచ్చుకోండి. గంగవాయిలి కూర చేలల్లో దానంతట అదే మొలుస్తుంది. పల్లెలో ఉన్నవాళ్లు దాన్ని కలుపు అనుకుని వదిలేయొద్దు. మునగచెట్లు మా వీధిలోనే నాలుగున్నాయి. అందరూ కాయలు కోసుకుంటారు, ఆకు ఎవరూ ముట్టుకోరు. ఆకు 100 గ్రాములలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. పాలలో ఉండేది 120 దాకా.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను, పళ్లను ఏం చేసిందో చూసినవాళ్లకు కాల్షియం విలువ వేరే చెప్పక్కర్లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే తాగడం మంచిది కాదు. కృష్ణా నీళ్లు నల్లాలో వస్తున్నా కొన్ని ఇళ్లలో తాగడానికి మాత్రమే ఆ నీళ్లు వాడి, వంట బోరు నీళ్లతోనే చేస్తారు. అన్నం, పప్పు ఉడికేటప్పుడు ఆ నీళ్లు గింజల్లోకి వెళ్తాయి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. వంటకూ నల్లా నీళ్లే వాడండి. ఇంత మేలు చేసి పైసా ఖర్చు కాని పని ఇంకోటి లేదు. దానితో పాటు కాల్షియం, విటమిన్ సి, ప్రోటీన్ బాగా అందే తిండి తినాలి.

కాల్షియానికి నాలుగింటిని పోల్చుకోవచ్చు. పాలు, పెరుగు ఒంటికి బాగా పడతాయి కానీ ఖర్చు ఎక్కువ. రాగులు 100 గ్రాములలో 360 మిల్లీగ్రాములు ఇస్తాయి, చవక, జావ కాచుకుంటే పిల్లలూ తాగుతారు. పొట్టు తీయని నువ్వుల్లో వెయ్యి దాటి ఉంటుంది. రెండు చెంచాల నువ్వుల పొడి రోజూ అన్నంలో కలుపుకుంటే మంచి మోతాదే. మునగాకు ఉచితం. పాలకూరలో కూడా కాల్షియం ఉంది కానీ అందులోని ఆక్సలేట్ దాన్ని పట్టి ఉంచుతుంది, ఒంటికి పెద్దగా అందదు. నేను ఎంచుకున్నది పొద్దున పిల్లలకు రాగిజావ, మధ్యాహ్నం నువ్వుల పొడి, వారానికి రెండుసార్లు పప్పులో మునగాకు, రాత్రి అందరికీ పెరుగు.

ఇనుము కోసం ఆకుకూర తినేవాళ్లు రెండు విషయాలు పాటించాలి. మీద నిమ్మకాయ పిండుకోవాలి లేదా పక్కన ఉసిరి తొక్కు, టమాట ఉండాలి. విటమిన్ సి తోడైతే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగొద్దు, గంట ఆగాలి. మా ఇంట్లో చాయ్ మానిపించలేను, టైం మార్చాను, అంతే. పాపకు డాక్టర్ ఇచ్చిన ఐరన్ మాత్రలు కూడా మానకుండా వేశాం. తిండి ఒక్కటే చాలని నేను చెప్పడం లేదు.

పండ్లు: ఆపిల్ కొనొద్దు. మనకు నల్గొండ బత్తాయి ఉంది, వానాకాలం చివర్లో బాలానగర్ సీతాఫలాలు, ఎండాకాలంలో కొల్లాపూర్ మామిడి, చలికాలంలో జామ, రేగు, ఉసిరి. ఏడాది పొడవునా అరటి. బత్తాయి రసం తీయకుండా తొనలుగా తినండి, పీచు మిగులుతుంది.

నూనె: గానుగ పల్లినూనె ధర మామూలు నూనెకు రెండింతలు ఉంటుంది. మనిషికి రోజుకు 27 గ్రాముల దగ్గర ఆపమంటున్నారు. ఐదుగురికి నెలకు నాలుగున్నర లీటర్ల లోపు. ముందు వాడకం తగ్గించండి. ఏ నూనె అన్నది తర్వాత. బజ్జీలు చేసిన నూనెను మళ్లీ మళ్లీ కాచొద్దు.

ఎక్కడ కొనాలి?

కిరాణాలో ఉద్దెర ఉంటుంది, చేతిలో డబ్బు లేనప్పుడు అదే ఆదుకుంటుంది. కానీ ఖాతా రాయించుకునేటప్పుడు మనం ధర అడగం. నేను ఒకసారి రెండు నెలల ఖాతా సరిచూస్తే పప్పుకు, నూనెకు బయట ధర కంటే కిలోకు పది పన్నెండు రూపాయలు ఎక్కువ వేసి ఉంది. ఇప్పుడు పప్పులు, నూనె, పల్లీలు నెల మొదట్లో నగదుతో కొంటాను. మధ్యలో అయిపోయే చిన్నాచితకా మాత్రమే ఖాతాలో.

సూపర్ మార్కెట్లో పప్పు, నూనె ధరలు చాలాసార్లు బాగుంటాయి. కానీ అక్కడికి పిల్లలతో వెళ్తే పప్పులో మిగిలింది చాక్లెట్లలో పోతుంది. చీటీ రాసుకుని నేను ఒక్కదాన్నే వెళ్తాను. ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అన్నవి ఎక్కువగా బిస్కెట్లు, నూడుల్స్ మీదే ఉంటాయి, పప్పు మీద ఉండవు. ఇది గమనించండి.

కూరగాయలకు రైతు బజారు, వారపు అంగడి. రైతు బజారులో ధరల బోర్డు ఉంటుంది, బేరం అక్కర్లేదు. అంగడిలో సాయంత్రం పొద్దుపోయాక ధరలు తగ్గుతాయి కానీ ఆకుకూర వాడిపోయి ఉంటుంది. అందుకే ఆకుకూర, టమాట, వంకాయ పొద్దున్నే కొంటాను. ఆనిగెపుకాయ, గుమ్మడికాయ, దోసకాయ, ఆలుగడ్డ, ఉల్లిగడ్డ చీకటి పడుతుండగా కొన్నా పాడవవు. రెండుసార్లు వెళ్లలేనివాళ్లు మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్తే మధ్యస్థంగా ఉంటుంది.

మెనూ ముందా, అంగడి ముందా?

వారానికి సరిపడా మెనూ ముందే రాసి గోడకు అంటించుకోమని చాలామంది చెప్తారు. నేనూ చేసి చూశాను. బుధవారం బీరకాయ అని రాసుకున్న వారం బీరకాయ కిలో 80 అయింది, పక్కనే ఆనిగెపుకాయ 20కి ఉంది. రాసిన దానికి కట్టుబడితే డబ్బు పోతుంది. అసలు ఏమీ రాసుకోకపోతే వరుసగా మూడు రోజులు ఆలుగడ్డ వేపుడే అవుతుంది. రెంటికీ మధ్య దారి నాకు పనికొచ్చింది. కూరగాయ పేరు రాయను, రకం రాస్తాను. సోమవారం పప్పు–ఆకు, మంగళవారం గుడ్డు, బుధవారం ఉలవచారు–కాయకూర, గురువారం పప్పు–ఆకు, శుక్రవారం శనగలు, శనివారం మీల్ మేకర్ లేదా అల్సందలు, ఆదివారం చికెన్ లేదా చేప. ఆకు ఏదో, కాయ ఏదో అంగడి చెప్తుంది. అంగడి తర్వాత మొదటి మూడు రోజులు ఆకుకూర, టమాట, తర్వాత నిలవుండే కాయలు వండితే ఫ్రిజ్ లేని ఇంట్లో కూడా చెత్తబుట్టలోకి ఏమీ పోదు.

ఇద్దరూ పనికి పోయే ఇళ్లకు, ఉదయం ఏడింటికల్లా బాక్సులు కట్టాల్సిన వాళ్లకు ఈ పద్ధతిలో ఒక సాయం కావాలి. రాత్రి పడుకునే ముందు రేపటి గింజ నానబెట్టడం. అది మర్చిపోతే మర్నాడు మళ్లీ ఆలుగడ్డే. నేను ఫోన్‌లో తొమ్మిదిన్నరకు అలారం పెట్టుకున్నాను. ఇప్పుడు అలారం మోగగానే మా ఆయనే లేచి గిన్నెలో శనగలు పోస్తాడు.

ఈ నెల 1,400 ఇలా పెట్టాం

ఇంతకుముందు కొనే పప్పు, నూనె, పాలు, కూరగాయలు అలాగే ఉన్నాయి. బియ్యం మీద మిగిలిన డబ్బు మాత్రమే ఇది. జొన్నలు 6 కిలోలు 270. అదనంగా కందిపప్పు ఒక కిలో, శనగలు ఒక కిలో కలిపి 220. గుడ్లు రెండు ట్రేలు 380, అంటే మనిషికి వారానికి మూడు గుడ్లు చొప్పున దాదాపు నెలంతా వచ్చాయి. పల్లీలు కిలోన్నర 210. ఆకుకూరలు ఎక్కువగా కొనడానికి 200. పండ్లకు 120. సరిగ్గా 1,400.

మీ ఇంట్లో ముగ్గురే ఉంటే బియ్యం 18 కిలోలే వస్తాయి, మిగిలేదీ తక్కువ. అప్పుడు ముందు గుడ్లు, శనగలు కొనండి, జొన్నలు రెండు కిలోలతో మొదలుపెట్టండి. ఇంట్లో ఎవరూ గుడ్డు ముట్టకపోతే ఆ 380ని పాలు, పెరుగు, మీల్ మేకర్ మీద పంచుకోండి. బి12 కోసం పాలు, పెరుగు మానొద్దు. రేషన్ కార్డు లేని కుటుంబాలకు ఈ డబ్బు మిగలదు. వాళ్లు పొడి డబ్బాలు, బిస్కెట్లు, కూల్ డ్రింకులకు నెలలో ఎంత పోతోందో ఒకసారి చీటీలు చూసుకుంటే మొదటి రెండు ట్రేల గుడ్ల డబ్బు అక్కడే దొరుకుతుంది.

వచ్చే నెల మా పండ్ల 120 సీతాఫలాలకు పోతుంది, బాలానగర్ కాయ రోడ్ల మీదకు వచ్చే రోజులు. అత్తమ్మకు మాత్రం జామకాయే.